ఆరో పెట్టె

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా మేనమామ ఒక సంబంధం చూశాడు. పిల్ల తండ్రి నెమ్మదస్తుడు. అబ్బాయి ఏం చేస్తుంటాడని అడిగాడు. "గవర్నమెంటు ఉద్యోగం, తేనెటీగలు పెంచుతాడు" అన్నాడు మా మామ గర్వంగా. ఆయన "అంటే ఈగలు తోలుకుంటాడన్నమాట" అని కండువా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ ఈగల మీదే బతికాను. నలుగురు పిల్లల్ని చదివించాను. ఆ పెద్దమనిషి మీద నాకిప్పుడు కోపం లేదు గానీ, అప్పుడు మాత్రం నెలరోజులు అన్నం సయించలేదు.

శిక్షణకు వచ్చే కుర్రవాళ్లు ఇప్పటికీ మా ఇంటికొచ్చి, మీ సర్వీసులో పెద్ద విజయం ఏమిటని అడుగుతుంటారు. విజయాలన్నీ ఫైళ్లలో ఉన్నాయి నాయనా, వెళ్లి చదువుకోండి. ఫైళ్లలో లేనిది ఒక పొరపాటు. అది నేను చేసిందే. అది చెబుతాను, మీకు పనికొస్తుంది.

మాది కోదాడ. ఊళ్లలో గడబిడలు ముదిరినప్పుడు మా నాన్న నన్ను సరిహద్దు దాటించి మద్రాసు వైపు బంధువుల ఇంటికి పంపాడు. అక్కడ ఊరికే తిని కూర్చోలేక, కొండ ప్రాంతంలో తేనెటీగల పెంపకం నేర్పుతున్నారంటే వెళ్లి చేరాను. రెండేళ్లు అక్కడే ఉన్నాను. పోలీసు యాక్షన్ అయ్యాక తిరిగి వచ్చేసరికి సూర్యాపేటలో కుటీర పరిశ్రమల కోసం చిన్న ఆఫీసొకటి తెరుస్తున్నారు. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది ఒకటే ప్రశ్న: "కుడతాయా?" కుడతాయి సార్, అన్నాను. నిజం చెప్పేవాడని తీసుకున్నట్టున్నారు.

ఆఫీసంటే మూడు గదుల పెంకుటిల్లు. మా పెద్దసారు ఉర్దూ చదువుకున్న మనిషి, మంచి మాటకారి, తేనె అంటే ప్రాణం, తేనెటీగ అంటే ప్రాణభయం. చప్రాసి వయసులో పెద్దవాడు. ఏ ఫైలు ఇమ్మన్నా, "ముందుగాల గీ కిటికీ మూస్త సారూ" అనేవాడు. ఇద్దరికీ ఈగల భయం ఒకే మోతాదులో ఉండేది కాబట్టి వాళ్ల మధ్య మంచి స్నేహం.

నాకు పన్నెండు పెట్టెలు ఇచ్చారు. చెట్ల తొర్రల్లోంచి, మట్టి గోడల సందుల్లోంచి ఈగల్ని తెచ్చి వాటిలో పెట్టాను. ఆఫీసు వెనక వరసగా సర్ది, శిక్షణలో ఇచ్చిన పుస్తకం చివర ఉన్న మేత మొక్కల జాబితా చింపి గోడకు అంటించాను. కాఫీ, రబ్బరు, యాలకులు అంటూ మొదలవుతుంది ఆ జాబితా. సూర్యాపేటలో నేను యాలకులు చూసింది పాయసంలో మాత్రమే. అయినా అచ్చులో ఉన్నది కదా అని తీయలేదు. మా ఈగలు ఆ జాబితా చదవలేదు. అవి తిన్నగా పక్కనున్న మిఠాయి దుకాణానికి వెళ్లాయి. "మీ సర్కారు ఈగలు నా జిలేబి పాకంల ఈత కొడుతున్నయి" అని దుకాణం ఆయన రోజూ వచ్చి ఫిర్యాదు చేసేవాడు. ఈదిన వాటిలో ఎక్కువ తిరిగి రాలేదు. రెండు నెలల్లో ఆరు పెట్టెలు ఖాళీ అయ్యాయి.

"క్యా మియా, నీ ఈగలు రాజీనామా పెట్టినయా, బదిలీ అడిగినయా?" అన్నాడు పెద్దసారు.

హైదరాబాదు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. మిగిలిన ఆరు పెట్టెలూ ఏదో ఒక ఊళ్లో ఒకే కుటుంబానికి ఇవ్వాలి. ఏడాది చివర పైనుంచి ఒక అధికారి వచ్చి చూస్తాడు. ఆ రోజు ఆరు పెట్టెల్లోనూ ఈగలుంటే పెట్టెలు ఆ కుటుంబానివే. ఒక్కటి ఖాళీగా ఉన్నా అన్నీ వెనక్కి రావాలి, ఈ పని ఇక్కడ ఖతం. ఏడాది పొడుగునా పెట్టెలు ఆ ఊళ్లోనే ఉండాలన్నది ఇంకో షరతు. ఈ షరతు పెట్టినవాడు ఈగని ఎప్పుడూ దగ్గర నుంచి చూసి ఉండడు.

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయే దారిలో, రోడ్డు దిగి రెండు మైళ్లు నడిస్తే వచ్చే ఊరిని ఎంచుకున్నాం. ప్రభుత్వం ఊరికే ఇస్తుందంటే ఆ రోజుల్లో జనం ఇంకాస్త భయపడేవారు. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఒక గొల్లామె చేతిలో కర్రతో వచ్చి పెట్టెల చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇవి పాలిస్తయా సారూ?"

"పాలియ్యవమ్మా, తేనె ఇస్తయి."

"తోలుకపోను మనిషి కావాల్నా?"

"అక్కర్లేదు. వాటంతట అవే మేతకు పోయి, అవే ఇంటికొస్తయి."

"అయితె గొర్రెకంటె తెలివిగలయే" అన్నది. అలా కుదిరింది.

ఆమెకు నలభై ఏళ్లుంటాయి. పెనిమిటికి మోకాలు పాడై, కర్ర ఊతం లేకుండా లేవలేడు. గడబిడలకు ముందు వాళ్లకు ఎనభై గొర్రెలుండేవి. చీకట్లో వచ్చినవాళ్లు కొన్ని, పట్టపగలు వచ్చినవాళ్లు కొన్ని కోసుకుని తిన్నారు. మిగిలినవి రెండు. ఊరి పటేలు తన మంద కాయడానికి ఆమె పెనిమిటిని జీతానికి రమ్మంటున్నాడు. జీతమంటే ఇప్పుడు నెల తిరగ్గానే మీ చేతికొచ్చేది. అప్పుడు జీతం ఉండటమంటే ఏడాది మొత్తం పగలూ రాత్రీ పటేలు కొట్టంలో పడి ఉండటం, మంద వెంట తిరగడం, ఇంటి ముఖం పండుగకు చూడటం. వచ్చే జొన్న కోతల లోపల తేల్చి చెప్పమని పటేలు గడువు పెట్టాడు.

"నా ఎనభై గొర్లను కాసినోడు సారూ" అన్నదామె మొదటి రోజే. "గా కాలుతోటి ఇంకొకని మంద ఎనుక కుంటుకుంట పోతుంటె నేను సూడాల్నా? ఈ పెట్టెలు నిలవడితె పోడు. నిలవడకుంటె పోతడు. గంతే."

గంతే అని ఆమె తేలిగ్గా అన్నది గానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా ఉద్యోగం పోతే నాకు కోదాడలో ఇల్లుంది.

పెట్టెలకు నేను ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేశాను. ఆమెకు అంకెలతో పని లేదు. సున్నం, ఎర్రమట్టి, మసి తెచ్చి ఒక్కోదానికి ఒక్కో గుర్తు పెట్టి, తన పాత గొర్రెల పేర్లు పెట్టుకుంది: బొల్లిది, ఎర్రది, నల్లది, సుక్కది, కొమ్ములది, పిల్లది. నెల తిరిగేసరికి నేను కూడా రిజిస్టరులో అంకె వేసేముందు మనసులో బొల్లిది అనుకునేవాణ్ణి. ముఖానికి కట్టుకోమని నేనిచ్చిన వలగుడ్డను ఆమె కోడిపిల్లల మీద కప్పింది. "మొఖం కనవడకుంటె ఎవలు కాస్తున్నరో వాటికెట్ల తెలుస్తది?" అనేది.

నా గోడ మీది జాబితా సంగతి చెబితే నవ్వి, "రా సారూ, సూపిస్త" అని బీళ్ల మీదికి తీసుకెళ్లింది. మంద కాసిన మనిషికి ఏ మొక్క ఏ నెలలో చిగురేస్తుందో, ఎప్పుడు పూస్తుందో ఇంటి పని తెలిసినట్టు తెలుసు. ఎండలు ముదిరేముందు మోదుగు, ఆ వెంటనే కానుగ, వేప. ఎండల్లో చింత. వానలు పడగానే పల్లేరు, దాని పుప్పొడికి ఈగ కాళ్లు పచ్చగా అవుతాయి. తర్వాత పరికి, రేగు, చేలల్లో నువ్వు. చలికాలం ముందు తుమ్మి, తంగేడు. "తంగేడును గొర్రె మూతి గూడ వెట్టదు. గందుకని అది పనికిరానిదనుకున్న ఇన్నొద్దులు" అని ఆమె కూడా ఆశ్చర్యపోయింది. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. కాఫీ తోటల జాబితా గోడ మీద ఎండిపోయి ఒక రోజు దానంతట అదే రాలింది.

కానుగ పూతలో పెట్టెలు బరువెక్కాయి. నాకు కళ్లు నెత్తికెక్కాయి. అప్పుడు ఆషాఢం వచ్చింది.

ఆ ఏడు వానలు ఆలస్యం. చింత పూత అయిపోయింది, నువ్వు ఇంకా మొలకే. ఊరి చుట్టూ పూలన్నవి లేవు. దాచుకున్న తేనె తిని ఈగలు రోజు రోజుకూ పలచబడుతున్నాయి. ఆమె నన్ను కూర్చోబెట్టి చెప్పింది: "మేత లేకుంటె మందను గుంజకు కట్టేసుకోని కూసుంటమా సారూ? తోలుకపోతం. మా తల్లిగారి ఊరు దామరచర్ల దిక్కు, కృష్ణ ఒడ్డుకు. గాడ ముందుగాల వానవడ్డది. నువ్వు పూత మీదున్నది. పరికి పొదలు ఎటు సూసినా గవే. బండి కట్టుకోని పోదాం."

"పెట్టెలు ఊరు దాటొద్దని ఉత్తర్వుంది అక్కా."

"ఉత్తర్వు తింటయా ఈగలు?"

నేను వినలేదు. పుస్తకంలో ఉంది కదా, కరువు నెలల్లో చక్కెర పాకం పెట్టాలని. చక్కెర అప్పుడు కంట్రోలు సరుకు. పెద్దసారు కాళ్లావేళ్లా పడితే తన ఇంటి కోటా మొత్తం తెచ్చిచ్చాడు. "మా బేగం నెల్రోజులు ఉప్పు చాయ్ తాగాలె నీ ఈగల కోసం" అన్నాడు. ఆ చక్కెర మోసుకుంటూ వెళ్లి, పాకం కాచి, మిట్టమధ్యాహ్నం పెట్టెలు తెరిచి పోశాను. పోస్తూ పోస్తూ పిల్లదాని గుమ్మం ముందు కొంత ఒలికించాను.

తేనెటీగల చదువులో మొదటి వారంలో చెప్పే పాఠం అది: పాకం పగలు పెట్టకూడదు, ఒలికించకూడదు. ఆకలి మీదున్న బలమైన పెట్టెలకు ఆ వాసన తగిలితే బలహీనమైన పెట్టె మీద పడి దోచుకుంటాయి. పావుగంటలో బొల్లిదీ కొమ్ములదీ కలిసి పిల్లదాని మీద విరుచుకుపడ్డాయి. నేను గుమ్మానికి గుడ్డ అడ్డం పెట్టేసరికే ఆలస్యమైంది. సాయంత్రానికి పిల్లదాని ముందు చచ్చిన ఈగలు దోసిళ్లతో ఎత్తేటన్ని. మిగిలినవి మర్నాడు పెట్టె విడిచి పోయాయి.

ఆమె నన్ను తిట్టినా బాగుండేది. చచ్చిన ఈగల్ని చీపురుతో ఊడ్చి, ఖాళీ పెట్టెను కడిగి ఎండలో పెట్టింది. ఇక ఐదే. నేను మొహం చెల్లక నాలుగు రోజులు సెలవు రాసి కోదాడ పోయాను.

తిరిగొచ్చేసరికి పెట్టెలున్న చోట నాలుగేసి రాళ్లు, ఆ ఖాళీ పెట్టె తప్ప ఏమీ లేవు. పరుగున వెళ్లి పక్కింటామెను అడిగితే, ఇందులో అంత కంగారేముందన్నట్టు చూసి, "మేతకు తోలుకపోయిండ్రు" అన్నది. పొద్దుగూకి ఈగలన్నీ ఇల్లు చేరాక గుమ్మాలకు పాత ధోవతి గుడ్డలు కట్టి, బండిలో గడ్డి పరిచి, మొగుడూ పెళ్లాలు ఇద్దరే దామరచర్ల దారి పట్టారు. నేను మిర్యాలగూడ దాకా బస్సులో, అక్కణ్ణుంచి దొరికిన బండి మీద, చివరికి నడిచి వాళ్లను పట్టుకున్నాను. నువ్వు చేను గట్టున, రాతి గుట్ట నీడలో ఐదు పెట్టెలూ ఉన్నాయి. ఈగల రొద ఫర్లాంగు దూరానికి వినిపిస్తోంది. నేను కేకలేద్దామని నోరు తెరిచాను. ఆమె ఒక తేనె పెర ముక్క తుంచి నా నోట్లో పెట్టింది. నోటి నిండా తేనెతో ఎవర్నీ తిట్టలేం.

రిజిస్టరులో మాత్రం పెట్టెలు ఊళ్లోనే ఉన్నట్టు రాశాను. అది నా రెండో తప్పు. మూడోది ఇంకా రావాలి.

బతుకమ్మ పండుగ ముందు బండి వెనక్కి వచ్చింది. పెట్టెలు దించుకోవడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. తంగేడు కోసుకోవడానికి వచ్చిన ఆడపిల్లలతో ఆమె రోజూ పోట్లాట: "పొదకొక్క కొమ్మ ఇడువున్రి బిడ్డా, నా మంద సూడున్రి!" వాళ్లు నవ్వుతూ విడిచేవారు. ఐదు పెట్టెలు పొంగిపోతున్నాయి, ఆరోది ఖాళీ. ఎక్కడైనా తొర్రలో ఈగలు దొరుకుతాయేమోనని నేను నడిగూడెం దాకా వెతికాను. ఆ ఏడు కరువుకు తొర్రలన్నీ బోసిపోయాయి. ఇంతలో తనిఖీ రోజు రానే వచ్చింది. జొన్న కోతలకు ఇంకా నెల కూడా లేదు.

ఉదయం తొమ్మిదింటికి జీపు దిగింది. హైదరాబాదు సాబు నెత్తిన గుండ్రటి దొరటోపీ, చేతిలో ఫైలు. వెనక మా పెద్దసారు, ఆ వెనక చప్రాసి. జీపు చప్పుడుకు ఊళ్లో సగం తలుపులు మూసుకున్నాయి. ఆ రోజుల్లో జీపు కనబడితే మంచి జరుగుతుందని ఎవరూ అనుకునేవారు కారు. నేను అంతగా పట్టించుకోలేదు.

సాబు ఐదు పెట్టెలు చూసి బాగున్నాయన్నాడు. ఆరోది తెరిచి మూశాడు. "ఏడాది పొడుగునా ఇవి ఇక్కడే ఉన్నాయా?" అని నన్నడిగాడు. నేను గొంతు సవరించుకుంటున్నాను. గొల్లామె పెనిమిటి కర్ర మీద ఆనుకుని నిలబడి, ఎవరూ అడగకముందే చెప్పేశాడు: "లేవు సారూ. శ్రావణంల దామరచర్ల దిక్కు మేతకు తోలుకపోయినం. గీ సారుకు తెల్వకుంట పోయినం, గాయన తప్పు లేదు."

నన్ను కాపాడదామనే అన్నాడు పాపం. సాబు రిజిస్టరు తెరిచి నా రాత చూశాడు, నన్ను చూశాడు. పెద్దసారు ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాడు. "ఐదే పెట్టెలు, అవీ షరతు తప్పాయి" అని సాబు ఫైలు మూశాడు. "బండి పిలిపించి సూర్యాపేటకు పంపించండి. నేను భోజనం వేళకు మిర్యాలగూడలో ఉండాలి." గొల్లామె వెళ్లి బొల్లిదాని పక్కన నేల మీద కూలబడింది.

అప్పుడే బొల్లిది లేచింది.

కుర్రవాళ్లకు ఇది కొంచెం చెప్పాలి. పెట్టెలో ఈగలు కిక్కిరిసిపోతే ముసలి రాణి సగం సంసారాన్ని వెంటేసుకుని కొత్త ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. గుమ్మంలోంచి ఈగలు నీళ్లు దుమికినట్టు దుమికి, గాల్లో సుడి తిరుగుతాయి. కాసేపు దగ్గరలో ఏదో ఒక కొమ్మకు వేలాడతాయి. అప్పుడు పట్టుకుంటే మనవి, పట్టుకోకపోతే కృష్ణ దాటిపోతాయి. పట్టుకుంటే ఆరో పెట్టె నిండుతుంది. "సార్, ఒక్క నిమిషం! ఇవే ఆరోవి!" అని అరిచాను. సాబు గడియారం చూసుకుని, "పావుగంట" అన్నాడు.

శిక్షణలో మాతోపాటు ఒక ముసలి పనివాడుండేవాడు. ఈగలు లేస్తే ఆయన రేకు డబ్బా కొట్టేవాడు, ఆ మోతకు దిగుతాయనేవాడు. మా మాస్టరు అది వట్టి నమ్మకమని చెప్పాడు కూడా. ఆ క్షణాన నాకు మాస్టరు గుర్తు రాలేదు. పశువుల కొట్టం దగ్గర ఖాళీ కిరసనాయిలు డబ్బా కనిపించింది. కర్ర అందుకుని బలమంతా పెట్టి వాయించాను.

ఒక్క క్షణం ఊరు ఊరంతా ఆగిపోయింది. తర్వాత ఎక్కడో ఒక ఆడమనిషి కేక వేసింది. తలుపులు దబదబా తెరుచుకున్నాయి. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు వెనక దారుల గుండా కందిచేలల్లోకి పరుగు. ముసలివాళ్లను చేయి పట్టి లాక్కుపోతున్నారు. మా జీపు డ్రైవరు సూర్యాపేట పక్క ఊరివాడు. ఆ చప్పుడేమిటో వాడికి తెలుసు. సాబు ఎక్కాడా లేదా అని కూడా చూడకుండా జీపు తిప్పుకుని దుమ్ము రేపుకుంటూ పోయాడు. చప్రాసి మంచం కిందికి వెళ్లాడు. "మేరీ గాడీ!" అని సాబు అరుస్తుండగానే గోడల వెనకనుంచి పాతికమంది మగవాళ్లు బయటికొచ్చారు. కొందరి చేతుల్లో కర్రలు, కొందరి చేతుల్లో వడిసెలలు. ఒక వడిసెల రాయి ఝుయ్యిమని వచ్చి సాబు టోపీని ఎగరగొట్టింది.

"ఆగున్రి! ఆగున్రి రా!" అని గొల్లామె పెనిమిటి ఊతకర్ర రెండు చేతులా పైకెత్తి వాళ్లకు అడ్డం పోయాడు. పోయి పడ్డాడు. పడ్డచోటి నుంచే అరిచాడు: "ఎవలు రాలేదు! ఈగలు లేసినయి, ఈగల కోసం కొట్టిండు!"

పాతికమందీ తలలెత్తి ఆకాశంలో సుడి తిరుగుతున్న ఈగల్ని చూశారు. తలలు దించి డబ్బా పట్టుకున్న నన్ను చూశారు. వాళ్లలో పెద్దవాడు ఒకడు వడిసెల భుజాన వేసుకుని, "ఈగలా?" అన్నాడు. నవ్వడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరూ నవ్వారు. నాకు కూడా నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కందిచేలోంచి ఒక ముసలమ్మ మనవణ్ణి ఎత్తుకుని వచ్చింది. ముళ్లు గీరుకుని కాళ్లు నెత్తురు కారుతున్నాయి. పిల్లవాడి నోరు అరచేత్తో మూసి పట్టుకుంది. ఇంకా తీయలేదు, తీయవచ్చని ఆమెకు తట్టలేదు. నా ముందుకొచ్చి నిలబడింది.

"డబ్బ కొట్టకు కొడుకా" అన్నది. "ఊరి మీదికి దండు వస్తుందంటె మంచె మీద గట్లనే కొట్టేటోళ్లు. గా రెండేండ్లు గదే మా బతుకు. నీకు తెల్వదా?"

తెలియదు. ఆ రెండేళ్లు నేను కాఫీ తోటల్లో ఈగల కాళ్లు లెక్కపెడుతున్నాను. సిగ్గుతో తల వంచుకుని డబ్బా కింద పెట్టాను, చప్పుడు కాకుండా. ఆమె పిల్లవాడి నోటి మీద నుంచి చెయ్యి తీసింది. వాడు అప్పుడు ఏడ్చాడు.

ఈ గోలలో గొల్లామె ఎక్కడుందో నేను చూడలేదు. డబ్బా మోగగానే ఆమె కాళ్లు కూడా పరుగుకు లేచాయట, తర్వాత చెప్పింది. కళ్లు మాత్రం ఈగల్ని వదల్లేదట. తప్పిపోయిన గొర్రె వెంట పోయినట్టు, పైకి చూస్తూ కిందికి చూడకుండా రెండు కంచెలు దాటి వాటి వెంట పోయింది. అవి డబ్బాను లెక్కచేయలేదు. వాటికి నచ్చినప్పుడు, వాటికి నచ్చిన తుమ్మ కొమ్మకు, మనిషెత్తులో వేలాడాయి. ఆమె కేకకు నేను ఆరో పెట్టె ఎత్తుకుని పరిగెత్తాను. పెనిమిటి కుంటుకుంటూ వచ్చి తన తెల్ల రుమాలు తలమీద నుంచి విప్పి కింద పరిచాడు.

"పెట్టెల వెట్టంగనే ఉంటయా?" అని అడిగిందామె.

"చెప్పలేం. కొత్త ఇల్లు నచ్చకపోతే మళ్లీ లేస్తాయి."

"ఎర్రదాంట్లకెల్లి పిల్లలున్న పెర ఒకటి తెచ్చి దీంట్ల వెట్టు. తల్లి సచ్చిన పిల్లను వేరే గొర్రెకు అలవాటు జేస్తం గదా. పిల్ల మూతి తగిలినంక గొర్రె యాడికి పోదు. ఇవి గూడ గంతే."

అదీ నా చదువులో ఉన్న విషయమే. కంగారులో మరచిపోయాను. ఎర్రదాంట్లోంచి పిల్లలున్న చట్రం ఒకటి తీసి ఆరోదాంట్లో పెట్టాను. ఆమె కొమ్మను ఒక్కసారి గట్టిగా విదిలించింది. ఈగల ముద్ద రుమాలు మీద పడి చెదిరి, మెల్లగా పెట్టె గుమ్మం వైపు నడక సాగించింది. రాణి లోపలికి వెళ్లింది. ఊరు ఊరంతా చుట్టూ నిలబడి చూసింది, పాతికమంది మగవాళ్లు, చేలల్లోంచి తిరిగొచ్చిన ఆడవాళ్లు. కొన్ని ఈగలు గుమ్మంలో నిలబడి, తోక పైకెత్తి, రెక్కలు విసరడం మొదలుపెట్టాయి. అలా విసిరితే ఇల్లు నచ్చినట్టు. నేను సాబు వంక తిరిగాను.

ఆయన బట్టతల ఎండకు మెరుస్తోంది. ఈ జనమంతా ఎందుకొచ్చారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా పెద్దసారు ముందుకొచ్చి, "హుజూర్, తేనెటీగలంటే ఈ ఊళ్లో అంత ఉత్సాహం. ఈగలు లేస్తే ఇంట్లో ఒక్కరూ ఉండరు" అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. సాబు వంగి ఆరో పెట్టె గుమ్మం చూసి, వేలు పెట్టి ఒకటి నుంచి ఆరు దాకా లెక్కపెట్టి, ఫైలు తెరిచి పెట్టెలు ఆ కుటుంబానివేనని రాశాడు.

ఊరు దాటించిన సంగతి ఏమైందంటే, ఆయన రిపోర్టులో అది ఆయన సొంత సిఫారసుగా తేలింది: మేత లేని నెలల్లో పెట్టెలను పూత ఉన్న చోటికి తరలించాలి. మరుసటి ఏడు అది సర్క్యులరుగా అన్ని ఆఫీసులకూ వచ్చింది. దానికి జతగా ఈ ప్రాంతపు మేత మొక్కల జాబితా, నెలల వారీగా, కింద నా సంతకం. ఆమె పేరు రాయాలని ఆ రోజు నాకు తోచలేదు. తోచిన రోజున ఆ కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నా సర్వీసులో నాకు మంచి పేరు తెచ్చింది ఆ కాగితమే, అది గుర్తొచ్చినప్పుడల్లా ముఖం దాచుకోవాలనిపిస్తుంది. తర్వాత కాలువలొచ్చాయి, బీళ్లన్నీ వరిపొలాలయ్యాయి. పరికి పొద కావాలంటే ఇప్పుడు వెతుక్కోవాలి. మీరు ఏ ఊరికి పోస్టింగు మీద వెళ్లినా ముందు అక్కడ పశువులు కాసేవాళ్లతో నాలుగు రోజులు నడవండి. ఆ ఊళ్లో ఏ చప్పుడుకు ఏ అర్థముందో కూడా అడగండి. అది ఏ పుస్తకంలోనూ ఉండదు.

సాబు వాళ్లు జీపును వెతుక్కుంటూ రోడ్డు దాకా నడిచి వెళ్లాక నేను ఉండిపోయాను. ఆమె సల్ల పోసింది. ముగ్గురం పెట్టెల దగ్గర కూర్చుని తాగుతున్నాం. ఎండ వాలింది. పటేలు మనిషి వచ్చాడు. వాడూ పొద్దున కందిచేలో దూరినవాడే, చొక్కాకు ఇంకా ఆకులున్నాయి. నా వంక గుర్రుగా చూసి, ఆమె పెనిమిటి వైపు తిరిగాడు.

"కోతలు దగ్గరవడ్డయి. ఏమంటవో అడిగి రమ్మన్నడు పటేలు. రేపటి సంది వస్తవా?"

అతను ఉత్త తలతో, మోకాలు చాపుకుని, ఆరో పెట్టె గుమ్మం కేసే చూస్తున్నాడు. తలగుడ్డ ఇంకా దాని కిందే ఉంది. ఆమె సల్ల ముంత కింద పెట్టి మూతి తుడుచుకుంది.

"పటేలుకు నా దండం చెప్పు" అన్నది. "మా మంద మేతకు పోయింది. పొద్దుగూకె యాళ్లకు ఇంటికొస్తది. వచ్చెదాక మనిషి ఇంటికాడ ఉండాలె."